హోమ్‌బిల్ట్ విమానానికి గుడ్డ ఎంపిక: నా అనుభవం

నాది సొంతంగా కట్టుకున్న (హోమ్‌బిల్ట్) రెండు సీట్ల విమానం. స్టీలు ట్యూబుల ఫ్యూజలేజ్ (విమానం ఒళ్లు), రెక్కల్లో చెక్క రిబ్బులు (అడ్డబద్దలు). ఈ చట్రం మీద గుడ్డ కప్పి, బిగించి, పూత వేయాలి. అమెరికాలో దీనికి దొరికే గుడ్డ ఎవరు అమ్మినా దాదాపు పాలియెస్టరే. చదరపు గజానికి 1.7 ఔన్సులది అల్ట్రాలైట్లకు (బాగా తేలికైన చిన్న విమానాలకు) సరిపోతుంది. 3.4 ఔన్సులది పొలాల్లో మందు కొట్టేవాటికీ, గులకరాళ్ల మీద దిగేవాటికీ. నేను 2.7 తీసుకున్నాను. తలనొప్పంతా పూత దగ్గరే.

ప్రభుత్వ ధ్రువీకరణ ఉన్న (సర్టిఫైడ్) విమానమైతే ఎస్‌టీసీలో, అంటే మార్పులకు అమెరికా విమానయాన సంస్థ ఇచ్చే ఆమోదపత్రంలో, రాసిన సరుకే వాడాలి. హోమ్‌బిల్ట్‌కు ఆ కట్టడి లేదు, అయినా జిగురు ఒకరిదీ రంగు ఇంకొకరిదీ కలిపితే పగుళ్లో, పెచ్చులో తప్పవు. ఒరాటెక్స్ అనే గుడ్డ రంగుతోనే వస్తుంది, దానికి రంగు వేసే పనే లేదు, బరువూ తక్కువే, ధర మాత్రం గట్టిగా ఉంటుంది. నేను పాలీఫైబర్ కంపెనీ పూతలు తీసుకున్నది రిపేరు సులువని. చిరిగిన చోట పాత పూతను ఎంఈకే అనే ద్రావకంతో కరిగించి ముక్క అతికించేయొచ్చు. తళతళలాడే పాలీయురేథేన్ రంగు వేసుకుంటే అక్కడ గీకుతూ కూచోవాల్సిందే. అదే ఎంఈకే మామూలు వార్నిష్‌నీ లేపేస్తుంది కాబట్టి గుడ్డ తగిలే చెక్కంతటికీ ముందుగా రెండు భాగాల ఎపాక్సీ వార్నిష్ పడాలి.

అతికించిన గుడ్డ వేడికి ముడుచుకుని బిగుస్తుంది, అందుకే దాన్ని ఇస్త్రీ చేస్తాం. ఇస్త్రీపెట్టె డయల్‌ను మాత్రం నమ్మకండి. అడుగున డిజిటల్ థర్మామీటర్ పెట్టి కొలిచి 250, 300, 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మార్కర్‌తో గీతలు పెట్టుకోవాలి. రెక్కకు రెండు వైపులా 250 పూర్తయ్యాకే 300కు వెళ్లాలి. ఒకే వైపు చివరిదాకా లాగేస్తే సన్నటి ట్రెయిలింగ్ ఎడ్జ్ (రెక్క వెనక అంచు) వంగిపోతుంది. 350 దాటితే గుడ్డ మళ్లీ వదులవుతుంది, ఇక ఎంత ఇస్త్రీ చేసినా బిగియదు. హీట్‌గన్ జోలికే పోవద్దు.

తర్వాత పాలీబ్రష్ అనే మొదటి పూత బ్రష్‌తో ఒక కోటు, రిబ్బులకు దారంతో కుట్టు, ఆ కుట్ల మీద టేపులు. కుట్ల మధ్య దూరం వీఎన్ఈని (విమానం ఎప్పుడూ దాటకూడని వేగాన్ని) బట్టి అమెరికా విమానయాన సంస్థ మార్గదర్శి ఏసీ 43.13-1బీలోని చార్టులో ఉంటుంది. ప్రొపెల్లర్ గాలి తగిలే చోట దగ్గరగా పడాలి.

దాని మీద వేసే వెండిరంగు పూత పాలీస్ప్రే అందానికి కాదు, ఎండ నుంచి గుడ్డను కాచేది అదే. చీకట్లో రెక్క లోపల బల్బు పెట్టి చూడండి, వెలుగు కనబడితే ఇంకో కోటు. పైరంగు వేసేటప్పుడు గాలిలో తేమ ఉంటే తెల్లగా మసకేస్తుంది. ఆ మసకను ఆపే బ్లష్ రిటార్డర్ అనే ద్రావకం కలపొచ్చు గానీ ఆరడానికి చాలాసేపు పడుతుంది, అందుకే నేను పొడి రోజు వచ్చేదాకా స్ప్రే గన్ ముట్టలేదు.