ఆపరేషన్ పరీక్షల్లో హెపటైటిస్ సి బయటపడింది: నా అనుభవం

గాల్ బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ అన్నారు. ముందుగా చేసే రక్తపరీక్షల్లో హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి కూడా ఉంటాయి. నాకు హెపటైటిస్ సి (లివర్‌ను దెబ్బతీసే వైరస్) రియాక్టివ్ అని వచ్చింది. ఒంట్లో ఏ లక్షణమూ లేదు, కామెర్లు కూడా ఎప్పుడూ రాలేదు. ఆ ప్రైవేటు ఆసుపత్రివాళ్లు వివరంగా ఏమీ చెప్పకుండా, "ఇక్కడ చెయ్యలేమమ్మా, వేరేచోట చూసుకోండి" అని ఫైలు చేతికిచ్చేశారు. ఆ మాటకు ఇప్పటికీ కోపం వస్తుంది.

గ్యాస్ట్రో డాక్టరు గారు నన్ను మొదట అడిగింది, "ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?" అని. మా అమ్మాయి పుట్టినప్పుడు, 1994లో ఎక్కించారు. మన దేశంలో బ్లడ్ బ్యాంకులు ఈ వైరస్ కోసం రక్తాన్ని తప్పనిసరిగా పరీక్షించడం 2001 నుంచే మొదలైందట. అలాగే వచ్చిందని కచ్చితంగా చెప్పలేం కానీ, అదే కారణం అయి ఉండొచ్చన్నారు.

రియాక్టివ్ అంటే వైరస్ ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. కొందరికి మందుల్లేకుండానే అది పోతుంది. ఇప్పుడు ఉందో లేదో, రక్తంలో వైరస్‌నే నేరుగా వెతికే ఆర్ఎన్ఏ పరీక్షలో తెలుస్తుంది. నాకు ఉంది. లివర్ ఎంత గట్టిపడిందో చూడటానికి ఫైబ్రోస్కాన్ చేశారు. అదృష్టం కొద్దీ సిర్రోసిస్ (లివర్ బాగా గట్టిపడి పాడవడం) లేదు.

ఇంట్లో మా అత్తగారు నా కంచం, గ్లాసు వేరుగా పెట్టేశారు. ఆవిడ భయం ఆవిడది, కానీ నాకు చాలా బాధేసింది. కలిసి తిన్నా, ముట్టుకున్నా ఇది అంటదనీ, రేజర్లు, టూత్‌బ్రష్‌లు మాత్రం ఒకరివి ఒకరు వాడకూడదనీ డాక్టరు గారే ఆవిడకు చెప్పారు. అమ్మాయి తర్వాత పుట్టిన బాబు గురించే నాకు ఎక్కువ టెన్షన్. తల్లి నుంచి బిడ్డకు కాన్పులో రావచ్చట. వాడికీ, మావారికీ టెస్టు చేయించాం. ఇద్దరికీ లేదు.

మందులకు లక్షలవుతాయని ఎవరో భయపెట్టారు. కేంద్ర ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం కింద నాకు పరీక్షలూ, మందులూ ఉచితంగానే అందాయి. సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ రోజుకొకసారి, 12 వారాలు. హెపటైటిస్ బి ఉంటే ఈ మందులతో అది పెరగొచ్చని, దాని రిపోర్టు చూశాకే మొదలుపెట్టారు. కొంచెం తలనొప్పి, నీరసం తప్ప ఇబ్బంది లేదు. కోర్సు అయ్యాక మరో 12 వారాలు ఆగి ఆర్ఎన్ఏ చేయాలి. ఆ ఎదురుచూపులో నిద్రపట్టేది కాదు. వైరస్ లేదని రిపోర్టు వచ్చాక మావారు కళ్లు తుడుచుకున్నారు.

అంతవరకూ రాళ్ల నొప్పి పెద్దగా లేదు కాబట్టే ఆపరేషన్‌కు ఆగాం. అర్జెంటైతే ముందే ఆపరేషన్ చేయొచ్చని, జాగ్రత్తలు అందరు పేషెంట్లకూ ఒకటేనని డాక్టరు గారు చెప్పారు.

తర్వాత ఆపరేషన్ ఇంకో ఆసుపత్రిలో జరిగింది. అక్కడా హెపటైటిస్ సి మళ్లీ రియాక్టివే వచ్చింది. ఈ టెస్టు చూసేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలను. వైరస్ పోయినా అవి ఉండిపోతాయి, అందుకని ఆర్ఎన్ఏ రిపోర్టు ఫైల్లో పైనే పెట్టి చూపించాను. డిశ్చార్జి కాగితంలోనూ "చికిత్స పూర్తయింది, వైరస్ లేదు" అని రాయమని అడిగితే, సర్జన్ గారు వెంటనే రాసిచ్చారు.