నాఖోద్ సింహం స్టైన్‌మెట్జ్: పేరు తెచ్చిన దూకుడే కొంప ముంచింది

జర్మన్ రాజ్యమైన ప్రష్యా సేనానుల ప్రస్తావన రాగానే అందరూ జనరల్ స్టాఫ్ అధిపతి మోల్ట్కే దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే కార్ల్ ఫ్రీడ్రిష్ ఫాన్ స్టైన్‌మెట్జ్ కథలో నేర్చుకోవలసింది ఎక్కువ. 1866లో మూడు రోజుల్లో దేశమంతా మెచ్చిన వీరుడయ్యాడు. 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం సగంలో ఉండగానే పదవి ఊడింది. ఈ నాలుగేళ్ళలో మనిషి రవ్వంత మారలేదు, ఎదుటివాడి చేతిలో తుపాకీ మారింది. వయసు మీదపడి మతి తప్పిందనే వాదనని నేనైతే ఒప్పుకోను.

పుట్టింది 1796లో, ఐసెనాఖ్‌లో. నెపోలియన్‌తో 1813-14లో జరిగిన యుద్ధాల్లో కుర్ర ఆఫీసరు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పెద్దగా చెప్పుకోవలసింది లేదు. కవాతులు, బదిలీలు, మెల్లగా వచ్చిన ప్రమోషన్లు. ఎవరికీ తలవంచని కోపిష్ఠి అని మాత్రం పేరు పడింది. ఆస్ట్రియాతో యుద్ధం వచ్చేనాటికి 69 ఏళ్ళు, 5వ కోర్‌ అనే పెద్ద సేనావిభాగానికి అధిపతి.

1866 జూన్ 27న ఆ కోర్ కొండదారి గుండా అప్పట్లో ఆస్ట్రియా కింద ఉన్న బొహీమియాలోకి దిగుతోంది. ఒకటే ఇరుకు రోడ్డు. ముందు దళం నాఖోద్ పైనున్న మిట్ట ఎక్కేసింది కానీ మిగతా సైన్యమంతా కింద రోడ్డు మీద బారుగా ఇరుక్కుపోయింది. అదే సమయానికి రామింగ్ నడిపిస్తున్న ఆస్ట్రియా 6వ కోర్ వచ్చి పడింది. ముందు దళం తొణికి ఉంటే వెనకున్నవాళ్ళంతా ఆ ఇరుకులోనే చిక్కేవారు. వెనకవాళ్ళు పైకి చేరేదాకా కొద్ది బెటాలియన్లే గంటల తరబడి నిలబడ్డాయి. ప్రష్యా నష్టం సుమారు 1,100 మంది, ఆస్ట్రియాకి 5,000 పైచిలుకు. మర్నాడు స్కాలిట్జ్, 29న ష్వైన్‌షేడెల్. మూడు రోజులు, మూడు వేర్వేరు ఆస్ట్రియా కోర్‌లు, మూడు గెలుపులు.

మొండితనం ఒక్కటే ఇంత పని చేయదు, అసలు పని చేసింది డ్రైజ్ సూది తుపాకీ. దాని తూటా కాగితం గొట్టం. ముందు గుండు, దాన్ని పట్టుకునే కాగితపు గుల్ల, గుల్ల అడుగున నిప్పు రాజేసే మందు, వెనక తుపాకిమందు. ట్రిగ్గర్ నొక్కితే పొడవాటి సూది తుపాకిమందంతా చీల్చుకుని వెళ్ళి ఆ నిప్పుమందుని పొడుస్తుంది. వెనక నుంచే కూరుకోవచ్చు కాబట్టి బోర్లా పడుకునే నిమిషానికి ఐదారు పేల్చేవాళ్ళు. ఆస్ట్రియా లోరెంజ్ తుపాకీకి గుండు మూతి లోంచి దించి కడ్డీతో దట్టించాలి. అది ఇంతకన్నా దూరం కొడుతుంది, కానీ వాళ్ళు ఆ దూరాన్ని వాడుకోలేదు. 1859లో ఫ్రెంచివాళ్ళ చేతిలో ఓడాక నేర్చుకున్న పాఠం ప్రకారం బాయ్‌నెట్లు పట్టుకుని గుంపులుగా మీదికి ఉరికారు. సూది తుపాకీకి అంతకన్నా కావలసిందేముంది?

దాని లోపాలూ చిన్నవి కావు. పేలే మందు మధ్యలోనే ఉండటంతో సూది మసిబారి, తుప్పు పట్టి విరిగేది. అందుకే మార్చుకోవడానికి వీలుగా సిపాయి దగ్గర అదనపు సూది ఉండేది. వెనక మూత బిగువు చాలక నిప్పుగాలి మొహం మీదికి చిమ్మేది. కొన్ని తూటాలయ్యాక చెంపకి ఆనించడం మానేసి నడుం దగ్గర పెట్టి కాల్చినవాళ్ళున్నారు. మరి గురి ఎక్కడుంటుంది! 600 మీటర్లు దాటితే ఆశ వదులుకోవలసిందే.

ఫ్రెంచి షాస్‌పో ఈ జబ్బుకి మందు. వెనక రబ్బరు బిళ్ళ పెట్టి గాలిని ఆపారు, సూదిని పొట్టి చేశారు, గుండుని 11 మిల్లీమీటర్లకి తగ్గించారు. గురిపట్టీ మీద గీతలు 1,200 మీటర్ల దాకా ఉంటాయి. బెంగళూరులో ఉన్నవాళ్ళు ఎం.జి. రోడ్డు మెట్రో స్టేషన్ దగ్గర నిలబడి ట్రినిటీ వైపు చూడండి. షాస్‌పో ఇంచుమించు ఆ చివరిదాకా అందుకుంటుంది, డ్రైజ్ సగం దారిలో చతికిలబడుతుంది. ఆ మిగతా సగం దూరం దెబ్బలు తింటూ నడవాలన్నమాట, తిరిగి కొట్టే వీలు లేకుండా.

1870లో స్టైన్‌మెట్జ్ 1వ సైన్యానికి అధిపతి. మొదట్లోనే తన దళాలని దక్షిణానికి మళ్ళించి, రాకుమారుడు ఫ్రీడ్రిష్ కార్ల్ 2వ సైన్యానికి కేటాయించిన రోడ్లలోకి దూర్చాడు. మోల్ట్కే మందలిస్తే నేరుగా రాజుకే ఫిర్యాదు చేశాడు. ఆగస్టు 6న స్పిషెరెన్‌లో ఎవరూ ప్లాన్ చేయని యుద్ధం అంటుకోవడానికి ఈ కలగాపులగం ఒక కారణం.

అసలు కొంప మునిగింది ఆగస్టు 18న గ్రావెలోత్‌లో. ఊరు దాటగానే రోడ్డు మాన్స్ వాగు లోయలోకి దిగి, అవతల సాంత్ ఊబేర్ పొలం ఇంటి మీదుగా పైకెక్కుతుంది. పై గట్టు మీద కందకాల్లో ఫ్రెంచివాళ్ళు. మధ్యాహ్నం ఆ పొలం ఇల్లు చిక్కగానే శత్రువు పారిపోతున్నాడని తీర్మానించుకుని, ఫిరంగి బ్యాటరీలనీ అశ్వదళాన్నీ ఆ ఒక్క రోడ్డు మీదికే తోలాడు. రోడ్డుకి ఇరుపక్కలా అడవి, తప్పుకునే జాగా లేదు. దాడికి వెళ్ళే గుర్రాలు, గాయాలతో తిరిగొచ్చే కాల్బలం, ఫిరంగి బండ్లు ఒకదానికొకటి అడ్డం. దాటిన కొద్ది బ్యాటరీలు షాస్‌పో గుళ్ళ వానలో పడ్డాయి. సాయంత్రం అప్పుడే వచ్చిన 2వ కోర్‌నీ రాజు అనుమతితో అందులోకే దించారు. చీకట్లో సొంతవాళ్ళనే కాల్చుకున్నారు. తాను పక్కనే ఉండి దీన్ని ఆపకపోవడం సరికాదని మోల్ట్కే తర్వాత రాసుకున్నాడు. ఆ రోజు తీర్పు ఉత్తరాన సాంత్ ప్రివా ఊళ్ళో తేలింది, లోయలో కాదు.

నాకు మింగుడుపడనిది ఇదే. లోయకి పడమటి గట్టు మీద ప్రష్యా క్రుప్ ఉక్కు ఫిరంగులు బారులు తీరి ఉన్నాయి, ఫ్రెంచి ఫిరంగుల నోరు అప్పటికే మూయించాయి. వాటిని అక్కడే ఉంచి కొట్టిస్తూ ఉంటే ఈ చివర ఫ్రెంచి సైన్యం కదలలేకపోయేది, ఆ పూట 1వ సైన్యం చేయవలసిందీ అంతే. నాఖోద్‌లో ముందుకు తోసిందల్లా గెలిచింది కాబట్టి తొయ్యకుండా ఉండటం కూడా ఒక ఎత్తేనని ఆయనకి తట్టలేదు.

ఫ్రెంచి కోట పట్టణం మెట్జ్ ముట్టడిలో ఆయన్ని ఫ్రీడ్రిష్ కార్ల్ కిందకి తెచ్చారు. అది భరించలేక మళ్ళీ గొడవపడితే, సెప్టెంబరులో పోజెన్, సైలీషియాలకి గవర్నర్ జనరల్‌గా పంపేశారు. 1871 ఏప్రిల్‌లో ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చారు. యుద్ధం గెలిచాక పాత లెక్కలు తిరగేసే ఓపిక ఎవరికుంటుంది? 1877లో లాండెక్‌లో పోయాడు.