వస పోసిందీ మీరే కదా

నిద్ర పట్టట్లేదు, ఇది రాసేస్తే గానీ పట్టేలా లేదు. పొద్దున బుజ్జిదాన్ని మావయ్యగారు "ఒట్టి వాగుడుకాయ తయారైంది" అన్నారు. అబద్ధం కాదు, అది నోరు ముయ్యదు, కానీ అంతకుముందే పెన్షన్ ఎరియర్ల గురించి ఎడతెరిపి లేకుండా వాయించింది ఎవరండీ? ఆయన మాట్లాడితే అనుభవం, అది మాట్లాడితే వాగుడు. మొన్నమొన్నటిదాకా దాన్నే వసపిట్ట అని మురిసిపోయారు, మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించింది సాక్షాత్తూ అత్తయ్యగారే. వచ్చాక ఇప్పుడు ముయ్యమంటే ఎలా? మా మరిదిగారి అబ్బాయి దీనికి రెండింతలు మాట్లాడతాడు, వాడు మాత్రం "మాటకారి", రేప్పొద్దున లాయరవుతాట్ట!

సరే, మా బాబాయి గుర్తొచ్చాడు. 'నాలుగు స్తంభాలాట' సినిమా వచ్చిన రోజులు, 1982 కదా, సుత్తి అనే మాట ఇంటింటికీ పాకేసింది, అందులో నవ్వించిన వీరభద్రరావుకీ వేలుకీ అదే ఇంటిపేరైపోయింది. పెళ్ళిళ్ళలో బాబాయి తన ట్రాన్స్‌ఫర్ల కథ ఎత్తుకుంటే పిల్లలం వెనక చేరి పిడికిలితో ఎవరి నెత్తి వాళ్ళం చప్పుడు కాకుండా కొట్టుకునేవాళ్ళం. ఓసారి ఠక్కున వెనక్కి తిరిగాడు. చచ్చాం అనుకున్నాం. "ఏమ్మా, తలనొప్పా?" అని నన్ను పక్కన కూలేసి తలనొప్పులు ఎన్ని రకాలో, తనకి ఏ ఊళ్ళో ఏ రకం వచ్చిందో, అక్కడి డాక్టరు ఏమన్నాడో మొదలెట్టి భోజనాలకి పిలిచేదాకా వదల్లేదు.

అసలు ఇలాంటి మాటలే ఉండకూడదు అని రాద్దామని కూర్చున్నా గానీ, సుత్తి అనే మాట లేకపోతే ఆ పెళ్ళిళ్ళు ఎలా గట్టెక్కేవాళ్ళమో! వాగుడుకాయ, వదరుబోతు, అధికప్రసంగి అంటే ఏకంగా మనిషికే ముద్ర వేసెయ్యడం. సుత్తి, నస అలా కాదు, వినేవాళ్ళు తమ బాధ చెప్పుకోవడం, అది ఉండాల్సిందే. (సోది పాపం అన్యాయమైపోయింది, ఒకప్పుడు ఎరుకలమ్మని పిలిచి కూర్చోబెట్టి మరీ చెప్పించుకునేవాళ్ళు.)

పోనీ తక్కువ మాట్లాడితే ఊరుకుంటారా? కాపరానికొచ్చిన కొత్తలో చుట్టాలావిడ ఒకావిడ నన్ను ముంగి అనేసింది, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుందిట. ఆవిడ ఊపిరి పీల్చుకోడానికైనా ఆగితే కదా నేను నోరు తెరిచేది.