లాల్‌బాగ్‌లో నేను చూసిన రేవెన్

బెంగళూరులో రేవెన్‌ను, అంటే కాకి కుటుంబంలోనే కాకి కంటే పెద్దదైన నల్ల పక్షిని, చూశానని దాదాపు నెల రోజులు నమ్మాను. నమ్మి ఊరుకోక, ఆఫీసులో నలుగురికి గొప్పగా చెప్పాను కూడా. లాల్‌బాగ్ బండ మీద పొద్దున్నే ఒంటరిగా కూర్చుని ఉంది. ఒళ్లంతా నలుపు, ముక్కు గొడ్డలిలా ఉంది. ఇంకేం కావాలి?

మా వీధిలో నెల్లూరు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దాయన ఒకరు పక్షులను చూస్తుంటారు. ఫోటో చూపించాను. "బొంతకాకి అమ్మా ఇది" అన్నారు, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా. "రేవెన్ కావాలంటే హిమాలయాలకో రాజస్థాన్ ఎడారికో వెళ్లాలి. తోక చూశావా?"

చూడలేదు. ముక్కు చూసి మురిసిపోయాను. ఎగిరేటప్పుడు రేవెన్ తోక మధ్యలో పొడుగై కోసుగా కనిపిస్తుందట, కాకి తోకేమో విసనకర్రలా గుండ్రంగా విచ్చుకుంటుంది. రేవెన్ గొంతు కింద ఈకలు గడ్డంలా వేలాడతాయి కూడా.

ఆ అవమానంతో బాల్కనీ గోడ మీద రోజూ పిడికెడు అన్నం పెట్టి, నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. ఊరకాకిని గుర్తుపట్టడం సులువని అందరూ అంటారు, మెడ బూడిద రంగు కదా అని. గోడ మీద వాలినప్పుడు సులువే. ఎండకు ఎదురుగా కరెంటు తీగ మీద కూర్చుంటే మాత్రం ఆ బూడిదంతా మాయమై అదీ బొగ్గుముక్కే. సైజు చూద్దామంటే, ఊరకాకి 40 సెంటీమీటర్లు దాటుతుంది, బొంతకాకి 50కి దగ్గరగా ఉంటుంది. పక్కపక్కన ఉంటే తేడా తెలుస్తుంది, కానీ చలికి ఈకలు ఉబ్బించుకున్న ఒంటి కాకి ఎప్పుడూ పెద్దదే!

చివరికి నాకు పనికొచ్చింది నుదురు. బొంతకాకి నుదురు ముక్కు మొదట్లోనే గోడలా లేస్తుంది, ముక్కు పైఅంచు లావుగా వంగి ఉంటుంది. 1832లో సైక్స్ అనే బ్రిటిష్ పక్షి పరిశోధకుడు దానికి కల్మినేటస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. కల్మెన్ అంటే ముక్కు పైఅంచే. నీడలో కూడా ఆ వంపు కనిపిస్తుంది. ఆ తర్వాత గొంతు: ఊరకాకిది ముక్కుతో పలికినట్లుండే గోల, బొంతకాకిది జలుబు చేసిన మనిషి లోపలినుంచి లాగినట్లుండే బొంగురు.

ఇంత నేర్చుకున్నాక, మేలో ఒకరోజు ఎదురింటి వేపచెట్టు మీద ఊరకాకి ఒక నల్లపిల్లకు మేత పెడుతోంది. పిల్ల మెడలో బూడిద లేదు. ఊరకాకి బొంతకాకి పిల్లను పెంచుతోందని రాసుకున్నాను. పెద్దాయన ఆ పేజీ చదివి నవ్వాపుకోలేకపోయారు. అది కోకిల పిల్ల. చిన్నప్పటి నుంచీ వింటున్న సంగతే, కళ్లెదుట జరిగితే తట్టలేదు. పెద్దయ్యాక మగ కోకిలకు ఎర్రటి కళ్లు, లేత ఆకుపచ్చ ముక్కు ఉంటాయి, కాకి ముక్కెప్పుడూ నలుపే. చీలిన తోకతో తీగల మీద వాలే పసలపోలిగాణ్ణి మాత్రం ఎప్పుడూ పొరబడలేదు, ఆ మాత్రం పరువు దక్కింది. అదీ కోకిలా అసలు కాకి కుటుంబంలోనివే కావు.

నా పుస్తకంలో 'తెలియదు' అని రాసిన గడే అన్నిటికంటే పొడుగు. మొన్న ఆదివారం సూర్యుడికి అడ్డంగా ఒకటి కూర్చుంది, నుదురు అటువైపు తిప్పుకుని. ఏదంటారని పెద్దాయనను అడిగాను. "అరిచేదాకా ఆగుదాం" అన్నారు. ఇరవై నిమిషాలు ఆగాం. అరవలేదు. కాఫీకి వెళ్లిపోయాం.