లేత్‌కి డ్రైవ్ కొనే ముందు మోటారు మూత విప్పాను

ఫేసింగ్, అంటే లేత్‌లో బిగించిన ముక్క (జాబ్) ముఖాన్ని చదునుగా చెక్కే పని, చేసేటప్పుడల్లా నాకు ఒకటే చిరాకు. జాబ్ అంచు దగ్గర సరిగ్గా ఉన్న స్పీడ్, టూల్ మధ్యకి చేరేసరికి చాలదు. లేత్ ఆపి, గార్డు తీసి, బెల్ట్‌ని ఇంకో పుల్లీ మీదికి ఎక్కించే ఓపిక ఎవరికుంటుంది? గరుకుగా వచ్చిన చోట ఎమరీ పేపర్ రుద్ది సరిపెట్టుకునేవాణ్ణి. చివరికి వీఎఫ్‌డీ, అంటే మోటారుకిచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీని (హెర్ట్జ్) మార్చి స్పీడ్ మార్చే డ్రైవ్, పెట్టేద్దాం అనుకున్నాను.

లేత్‌తో వచ్చింది కెపాసిటర్ ఉన్న సింగిల్ ఫేజ్ మోటారు. దానికే డ్రైవ్ తగిలిస్తే పోలేదా అంటే, కుదరదు. అందులో సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉంటుంది. వేగం అందుకోగానే ‘టక్’మని స్టార్టింగ్ వైండింగ్‌ని తప్పిస్తుంది. స్పీడ్ తగ్గిస్తే ఆ వైండింగ్ మళ్లీ లైన్లోకి వచ్చి, కాసేపట్లో కాలిపోతుంది. అందుకని 1 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు ఒకటి, పాతదే, సంపాదించాను.

నేమ్‌ప్లేట్ మీద 0.75 కిలోవాట్లు, 230/400 వోల్టులు, 3.3/1.9 ఆంపియర్లు అని ఉంది. నా కన్ను 1.9 మీదే పడింది. 2.5 ఆంపియర్ల బుల్లి డ్రైవ్ చాలులే అని లెక్కేసుకున్నాను. నయం, డబ్బు కట్టకముందే టెర్మినల్ బాక్స్ మూత విప్పి చూశాను. ఆరు స్టడ్లు, రెండు వరసలు. పై వరసలో మూడు స్టడ్లనీ కలుపుతూ ఇత్తడి పట్టీలు అడ్డంగా ఉన్నాయి. అంటే స్టార్, మూడు వైండింగ్‌ల ఒక్కో కొసనీ ఒకేచోట కలిపే కనెక్షన్. 1.9 ఆంపియర్లు ఆ కనెక్షన్‌కి, 400 వోల్టులకి. ఇంట్లో సింగిల్ ఫేజ్ తీసుకునే మామూలు డ్రైవ్ మూడు ఫేజులు ఇస్తుంది గానీ, వోల్టేజీ 230 దాటదు. కాబట్టి పట్టీలు ఊడదీసి, కింది స్టడ్‌కీ పై స్టడ్‌కీ నిలువుగా బిగించి డెల్టా (ఒక వైండింగ్ కొస ఇంకోదాని మొదలుకి కలిసే కనెక్షన్) చెయ్యాలి. అప్పుడు లాగేది 3.3. నేను కొందామనుకున్న డ్రైవ్ లోడ్ పడగానే ట్రిప్ అయ్యేది. హెచ్‌పీ కాదు, డ్రైవ్ మీద రాసిన అవుట్‌పుట్ ఆంపియర్లు చూడాలి. 4 ఆంపియర్లది తీసుకున్నాను. కొన్ని పాత మోటార్లలో స్టార్ జాయింట్ వైండింగ్ లోపలే ఉండిపోయి, మూడే వైర్లు బయటికొస్తాయి. అలాంటిది దొరికితే ఆ జాయింట్‌ని వైండింగ్‌లోంచి తవ్వి బయటికి తీసుకోవాలి, లేదా ఆ మోటారుని వదిలెయ్యాలి.

డ్రైవ్ వచ్చాక బెల్ట్ మార్చే పని ఇక ఉండదని మురిసిపోయాను. మొదటి వారమే 12 హెర్ట్జ్‌లో స్టీల్ రాడ్ పార్టింగ్ (టూల్‌తో కోసి ముక్క విడదీయడం) పెట్టాను. టూల్ దిగబడింది, జాబ్‌ని పట్టుకుని తిప్పే చక్ ఆగిపోయింది. తప్పు నాదే. మామూలు కరెంటు 50 హెర్ట్జ్ నుంచి కిందికి దిగితే టార్క్ (తిప్పే బలం) మహా అయితే అంతే ఉంటుంది, పెరగదు. 10 హెర్ట్జ్‌లో మోటారు పవర్ ఐదో వంతు. అదే బెల్ట్‌తో స్పీడ్ సగం చేస్తే టార్క్ రెట్టింపవుతుంది. పైగా మోటారు ఫ్యాన్ కూడా షాఫ్ట్ మీదిదే, నెమ్మదిగా తిరుగుతూ గాలి కొట్టదు. ఇప్పుడు పెద్ద మార్పు కావాలంటే బెల్ట్, దాని మీద సవరింపులకి డ్రైవ్ నాబ్, అదీ 25 నుంచి 70 హెర్ట్జ్ మధ్యే.

నా చక్ మరతో బిగించే రకం. డ్రైవ్‌తో గట్టిగా బ్రేక్ వేస్తే చక్ విప్పుకుని వచ్చేస్తుంది. ఆగడానికి 4 సెకన్లు పెట్టుకున్నాను. తొందరపడి 1 సెకను పెడితే ఇంకో తంటా కూడా ఉంది: తిరుగుతున్న చక్ మోటారుని జనరేటర్ చేసేసి, డ్రైవ్ ఓవర్ వోల్టేజ్ చూపించి ట్రిప్ అవుతుంది. దానికి ఆ కరెంటుని వేడిగా ఖర్చుపెట్టే బ్రేకింగ్ రెసిస్టర్ కావాలి. బాగా చిన్న డ్రైవ్‌లు కొన్నింటికి ఆ టెర్మినలే ఉండదు, కొనేటప్పుడు చూసుకోండి.

పాత ఫార్వర్డ్-రివర్స్ స్విచ్‌ని పారెయ్యబుద్ధి కాలేదు. దాన్ని డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య మాత్రం పెట్టకూడదు, లోడ్ మీద తెంపితే డ్రైవ్ చచ్చిపోవచ్చు. డ్రైవ్‌కి ఆన్-ఆఫ్ సంకేతాలిచ్చే కంట్రోల్ టెర్మినల్స్‌కి కలిపాను. అయితే అది వేస్తే వేసినట్టే ఉండే స్విచ్. కరెంటు పోయి వస్తే లేత్ దానంతటదే తిరుగుతుందేమో? పవర్ రాగానే స్టార్ట్ కాకుండా ఆపే పారామీటర్ (డ్రైవ్ సెట్టింగ్) వెతికి సెట్ చేసి, చక్ ఖాళీగా ఉంచి, స్విచ్ ఫార్వర్డ్‌లోనే వదిలి, మెయిన్ ఆపాను. డిస్‌ప్లే పూర్తిగా ఆరేదాకా ఆగి మళ్లీ వేశాను. స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) కదల్లేదు. ఇంకో రెండుసార్లు కూడా అలాగే చేసి చూశాను.