రెండర్ కంటే బటర్ పేపరే నయం

అర్బన్ డిజైన్‌లో, అంటే ఊరి వీధులకీ ఖాళీ జాగాలకీ రూపం ఇచ్చే పనిలో, ఐడియా ఇంకా ఒక కొలిక్కి రాకముందే రెండర్ (కంప్యూటర్‌లో ఫోటోలాగా తీసే బొమ్మ) చేసి పెట్టే అలవాటు నాకు అస్సలు పడదు. డ్రోన్ ఎత్తులోంచి ఒక వ్యూ, పచ్చటి లాను, గొడుగుల కింద కాఫీ తాగే తెల్లోళ్ళు, మన కర్నూల్లో మే నెల ఎండకి ఆ బెంచీ మీద ఎవరు కూచుంటారబ్బా? బొమ్మ తళతళలాడతా ఉంటే చూసినోళ్ళు "బాగుంది సార్" అనేసి టీ తాగి పోతారు, ఇంక మాట ఉండదు.

అదే బటర్ పేపర్ (ట్రేసింగ్‌కి వాడే పల్చటి కాగితం) మీద స్కెచ్ పెన్నుతో సెక్షన్ గీసి పెట్టండి. అంటే వీధిని అడ్డంగా కోసి చూపించడం, ఇల్లు, అరుగు, కాలవ, రోడ్డు, అవతలి ఇల్లు, మధ్యలో ఐదున్నర అడుగుల మనిషి. ఉత్తర దక్షిణాలుగా పోయే వీధైతే పొద్దు వాలినాక నీడ పడమటి వరస ఇళ్ళ ముందే పడుతుంది, తోపుడు బండ్లోళ్ళు మధ్యాహ్నం నుంచి ఆ పక్కకి ఎందుకు మారతారో నీడ గీస్తేనే తెలిసేది.

ప్లాన్‌లో, అంటే పైనుంచి చూసినట్టు గీసేదాంట్లో అయితే, నాకు ఇటలీ ఆర్కిటెక్టు నొల్లి పద్ధతి ఇష్టం. 1748లో ఆయన వేసిన రోమ్ మ్యాప్‌లో సొంత ఇళ్ళు నల్లగా ఉంటాయి, వీధులే కాదు చర్చీల లోపలి భాగం కూడా తెల్లగా వదిలేశాడు, జనం పోగలిగే చోటు కాబట్టి. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల సందులకి ఇదే వేస్తే మసీదు ఆవరణ, గుడి మండపం తెలుపు, సరే, మరి అరుగు? కాగితాల్లో ఇంటాయనది, కూచునేది ఊరంతా. నేనైతే అక్కడ నలుపూ కాదు తెలుపూ కాదు అన్నట్టు ఏటవాలు గీతలు గీసి వదిలేస్తా.

హంద్రీ నది ఒడ్డున ఉండేవాళ్ళ ముందు పెట్టిన సెక్షన్‌లో 2009 అక్టోబర్ వరద మట్టం మేం గీయలేదు, నీలం పెన్ను బల్ల మీద పెట్టి ఊరుకున్నాం. ఒకామె తీసుకుని "ఇదో, ఫ్యాను రెక్కల కాడికి నాయనా" అని గీసింది, పక్కింటాయన "కాదుమ్మా, ఇంకా పైకే" అన్నాడు, అట్లా గొడవపడతానే "మిద్దెక్కే మెట్లు ఇంటి బయట ఉండాల, లోపల్నించి అయితే నీళ్ళలో ఎట్ల పోతాం" అన్న మాట వాళ్ళ నోట్లోంచే వచ్చింది. మెరిసే రెండర్ మీద ఎవరైనా పెన్ను పెడతారా?

ఇదంతా అయినాక స్కెచ్చప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసుకోండి, ఎవరొద్దన్నారు, కాకపోతే కెమెరా మాత్రం మనిషి కళ్ళ ఎత్తులో పెట్టండి సామీ.