తాళి తెంచే కొమ్మ

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో గ్రేలింగ్ అనే ఊరి దగ్గర హార్ట్‌విక్ పైన్స్ పార్కు ఉంది. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా కమ్ముకుని ఉన్న వైట్ పైన్ అడవిలో గొడ్డలికి చిక్కకుండా మిగిలిన 49 ఎకరాల ముక్క అక్కడ కనిపిస్తుంది. దానికి దగ్గరలోనే పంతొమ్మిదో శతాబ్దపు కలప శిబిరాన్ని పోలిన కట్టడాలు కూడా ఉన్నాయి. కూలీల బసలో నిలబడినప్పుడు నాకు మొదట తట్టింది, ఇలాంటి చోట ఆడమనిషి అలికిడి దాదాపుగా ఉండేది కాదన్న సంగతి. మంచు కురిసే అడవిలో మేస్త్రీ కూతురికీ కూలీకీ మధ్య పుట్టిన ప్రేమను వర్ణించే నవలలు చదివినవాడిని కాబట్టి కొంత నిరాశపడ్డానని ఒప్పుకోవాలి.

చెట్లు కొట్టే పని ప్రధానంగా చలికాలంలో సాగేది. రాత్రిపూట నీళ్ల తొట్టి ఉన్న బండిని నడిపి దారి పొడవునా నీళ్లు వదిలితే, తెల్లవారేసరికి అది గడ్డకట్టి అద్దంలా తయారయ్యేది. దాని మీద దుంగలు పేర్చిన బండిని గుర్రాలు సులువుగా లాగేవి. పల్లంలో బండి అదుపు తప్పితే మాత్రం గుర్రాలకూ, తోలేవాడికీ ప్రాణాపాయమే. పని ముగిసిన కూలీలు తడిసిన మేజోళ్లను పొయ్యి చుట్టూ ఆరేసి, ఆ వాసనలోనే నిద్రపోయేవారు. శనివారం రాత్రి ఫిడేలు మోగితే నాట్యం కూడా ఉండేది. జంటకు ఆడవాళ్లు లేరు కనుక, కొందరు చేతికి రుమాలు కట్టుకునేవారు. రుమాలున్నవాడే ఆ రాత్రికి ఆడమనిషి.

అడవిలో వాళ్లను ఎక్కువగా భయపెట్టినవాటిలో ఒకటి విరిగి పైన ఎక్కడో చిక్కుకుపోయిన కొమ్మ. కింద రంపం ఆడుతుండగా చెట్టు అదిరితే, అది హెచ్చరిక లేకుండా నెత్తిన పడేది. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘విడో మేకర్’, అంటే తాళి తెంచేది. చచ్చేవాడి పేరున కాకుండా, ఎక్కడో ఇంట్లో ఎదురుచూస్తున్న ఆమె పేరున ఆ ప్రమాదాన్ని పిలుచుకున్నారంటే, శిబిరంలో లేని ఆడమనిషి వాళ్ల మాటలోకి ఎలా వచ్చిందో తెలుస్తుంది.

వసంతంలో మంచు కరగగానే దుంగలను నదిలోకి దొర్లించేవారు. అవి ఎక్కడైనా అడ్డం పడి గుట్టగా పేరుకుపోతే, కొక్కెం ఉన్న గునపాలతో ఆ గుట్ట మీదికెక్కి, ముడిగా నిలిచిన దుంగను కదిలించాలి. అది కదిలిన మరుక్షణం గుట్టంతా కాళ్ల కింద నుంచి జారిపోతుంది. పీవీ అనే ఆ పనిముట్టును 1858లో రూపొందించినవాడు మెయిన్ రాష్ట్రపు కమ్మరి జోసెఫ్ పీవీ.

ఇలాంటి గుట్టను విడదీయబోయి చనిపోయిన మన్రో అనే యువ మేస్త్రీ గురించి కూలీలు పాడుకున్న జానపద గేయం ఒకటుంది. అందులో సాగినా పట్టణం నుంచి వచ్చిన అతని ప్రియురాలు ఆ దుఃఖంతోనే కొన్నాళ్లకు కన్నుమూస్తుంది. తోటి కూలీలు తలా కొంత వేసుకుని ఆమె చేతిలో డబ్బు పెట్టడం కూడా అందులోనే ఉంది. పనిలో చనిపోయినవాడి కుటుంబానికి పరిహారమివ్వాలనే చట్టం మిషిగన్‌కు 1912లో గాని రాలేదు. ఆ పిల్ల దిగులుతో ప్రాణం విడవడం కంటే, నాకు ఆ డబ్బు మూటే ఎక్కువ నిజమనిపిస్తుంది.